నీళ్లు తగలలేదని రాశాను

నా పదవీ విరమణ సభలో నలుగురు మాట్లాడారు. మేడమ్ రిపోర్టు రాశారంటే మళ్లీ చూసుకోనక్కర్లేదని నలుగురూ ఒకే మాట చెప్పారు. శాలువా కప్పారు, ఫోటోలు తీశారు. నావంతు వచ్చాక మైకు ముందుకు వెళ్లి, "నేను రాసిన ఒక రిపోర్టు వల్ల ఏడు బావులు ఎండిపోయాయి" అన్నాను. ముందు వరసలో వినికిడి తక్కువున్న పెద్దాయన ఒకరు ప్రసంగం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన్ను చూసి అందరూ కొట్టారు. తర్వాత ఉప్మా వచ్చింది.

ఆరోజు చప్పట్ల కింద పడిపోయిన మాట ఇప్పుడు రాస్తున్నాను. రోడ్లు వేసే శాఖల్లో, సర్వే కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లల కోసం రాస్తున్నాను. కోపంగానే రాస్తాను. వయసు మీదపడితే కోపం తగ్గుతుందని నాకు చాలామంది చెప్పారు. ఈ ఒక్క సంగతిలో అది తగ్గలేదు. సగం కోపం ఇతరుల మీద, సగం నా మీద. ఏది ఎక్కువో నాకే తెలియదు.

నేను చేసిన ఉద్యోగం చెప్పడానికి చిన్నదే. కొత్త రోడ్డు ఎటు పోవాలో ఇంజనీర్లు గీత గీస్తారు. ఆ గీత గుట్టకు తగిలితే గుట్టను కోయాలి, పల్లం తగిలితే మట్టి పోసి లేపాలి. కోసిన గుట్ట నిలుస్తుందా, జారుతుందా, పోసిన మట్టి కుంగుతుందా అని ముందే చూసి చెప్పడం భూగర్భ శాస్త్రం చదివినవాళ్ల పని. దానికోసం నేలకు బోర్లు వేయించి, లోపలి రాయిని బయటికి తీసి, పెట్టెల్లో వరుసగా పేర్చి, చూసి, రాయాలి. ముప్పై ఏళ్లు అదే చేశాను. చాలా కోతలు చూశాను. జారినవి ఉన్నాయి, నిలిచినవి ఉన్నాయి. నేను చెప్పబోయే కోత ఈరోజుకీ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. తప్పు ఆ కోత నిలబడడంలో లేదు.

అనంతపురం జిల్లాలో కుందుర్పి దాటాక కర్ణాటక సరిహద్దు వైపు ఒక పాత సింగిల్ రోడ్డు ఉండేది. ఆ పక్క గుట్టల మీద గాలిమరలు పెట్టడం మొదలయ్యాక దానికి గిరాకీ వచ్చింది. గాలిమర రెక్క ఒక్కొక్కటి ఊళ్లో వీధంత పొడవుంటుంది. దాన్ని మోసే లారీ మలుపులు తిరగలేదు, నిటారు ఎత్తు ఎక్కలేదు. అందుకని రోడ్డును వెడల్పు చేసి, వంపులు తీసేసి, ఎత్తుపల్లాలు సరిచేయాలని తీర్మానించారు.

ఆ దారికి అడ్డంగా ఒక నల్లరాయి గట్టు ఉంది. మా జిల్లాలో నేల కింద ఉండేది ఎక్కువగా గ్రానైట్ జాతి రాయి. పైన జానెడు ఎర్రమట్టి, దానికింద ముప్పై, నలభై అడుగుల దాకా కుళ్లిన రాయి, అంటే మొరం. ఆ కింద గట్టి బండ. పడే నాలుగు చినుకులూ నిలిచేది ఆ మొరంలోనే. ఈ గ్రానైట్‌ను చీల్చుకుని ఎప్పుడో లోపలినుంచి నల్లరాయి పైకి వచ్చి, గోడలాగా మైళ్ల పొడవున నిలబడింది. పైనుంచి చూస్తే ఎవరో నల్ల గుండ్లు ఏరి వరసగా పేర్చినట్టు ఉంటుంది. మేము దాన్ని డైక్ అంటాం. ఊళ్లోవాళ్లు నల్లరాళ్ల వరస అంటారు.

మొదట గీసిన గీత ఈ వరస తగ్గిపోయిన చోట, దాని కొసను చుట్టుకుని పోయేది. నేను బోర్లు వేయించింది ఆ దారిలోనే. రిపోర్టు సగం రాశాక పెద్దసారు పిలిచారు. పెద్దసారంటే ప్రాజెక్టు మొత్తానికి అధికారి. మర్యాదస్తుడు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. కంప్యూటర్ తెరమీద డ్రోన్‌తో తీసిన బొమ్మ తిప్పి చూపించారు.

"దారి కొంచెం మారింది మేడమ్. కొసను చుట్టుకునేచోట వంపు ఎక్కువవుతోందట. నేరుగా గట్టును కోసుకుని పోదాం. రాయి మంచిదే కదా?"

వంపు సంగతి అబద్ధం కాదు. అయితే ఆ కొసలో దానిమ్మ తోట ఉండడం అంతకంటే పెద్ద నిజం. తోట ఆసామి అధికార పక్షం మనిషి, టిప్పర్లు తిప్పే వ్యాపారం కూడా ఉంది. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నేను అడిగింది ఒక్కటే, కొత్త దారిలో బోర్లు వేయడానికి ఎన్ని రోజులిస్తారని.

"నాలుగు రోజులు" అన్నారు.

మా డ్రిల్లరు నాకంటే రెండేళ్లు పెద్ద. కాంట్రాక్టు మనిషి. చదువు ఏడో తరగతి. గొట్టం దిగుతున్న చప్పుడు విని లోపల ఏ రాయి ఉందో చెప్పేవాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన మేడమ్ అనేవాడు. నాలుగు రోజుల్లో గట్టు నడుమ ఒకటి, కింది పక్క ఒకటి, పైపక్క ఒకటి, మూడు బోర్లు వేశాం. గట్టు నడుమ దిగిన రాయి చూస్తే కళ్లు చల్లబడ్డాయి. ఒక్క పగులు లేదు. నిలువునా కోసినా నిలుస్తుంది, పైగా కోసిన రాయి కంకరకు పనికొస్తుంది. నేను ఆ రాయినే చూస్తూ కూర్చున్నాను.

నాలుగో రోజు పొద్దున డ్రిల్లరు నన్ను పైపక్క బోరు దగ్గరికి పిలిచాడు. తాడుకు రాయి కట్టి లోపలికి వదిలాడు. బుడుంగుమని చప్పుడు.

"పన్నెండు అడుగులకే నీళ్లుండాయి మేడమ్. కిందిపక్క బోర్లో అరవై అడుగులు పోయినా దుమ్మే. రెండిటికీ నడుమ నలభై అడుగులు వేస్తే దాటిపోతాం. చూసినారా?"

"మనం డ్రిల్లింగుకు పోసిన నీళ్లేమో అన్నా."

"నాకూ అదే అనుమానమొచ్చి నిన్న రెండుతూర్లు తోడేసినా. రెండుతూర్లూ మళ్లా ఊరినాయి. ఈ నల్లరాయి కట్ట మాదిరి నిలబడుకోనుండాది. నీళ్లన్నీ దీనికి ఆనుకోని ఉండాయి."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చెరువుకు కట్ట ఉన్నట్టే, నేల లోపలి నీళ్లకు ఆ నల్లరాయి కట్ట. ఈ సంగతి నేను కాలేజీలో చదివాను, పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ పొద్దున మాత్రం నా బుర్రలో ఉన్నది కోత నిలుస్తుందా లేదా అన్న ఒక్క ప్రశ్నే.

దాహం వేసి అక్కడికి దగ్గర్లోనే, గట్టుకు పైపక్కన, ఉన్న బావి దగ్గరికి వెళ్లాం. ఎకరన్నర తోట. టమాట, ఒక మూల చామంతి. తోట చేసుకునే ఆమెది దాదాపు నా వయసే. మొగుడు గొర్రెలు తోలుకుని మడకశిర వైపు పోతే నెలల తరబడి రాడు. సేద్యమంతా ఆమెదే. బిందె ముంచి నీళ్లిచ్చింది. కొంచెం సున్నపు రుచి, చల్లగా ఉన్నాయి.

"ఈ బాయి ఎండాకాలంలో ఎండదా?" అని అడిగాను.

"ఎప్పుడూ ఎండలే మేడమూ. మోకాటి లోతన్నా ఉంటాయి. నల్లరాళ్లకు పైపక్క ఏడు బాయిలుండాయి, ఏడూ ఇట్లే. కిందిపక్క మా చిన్నాయన మూడుతూర్లు తొవ్వించినాడు. దుమ్ము తప్ప ఏమీ పల్లేదు" అని, "ఇంతకీ మీరేం తొవ్వుతాండారు?" అంది.

"రోడ్డుకమ్మా."

"రోడ్డయితే మంచిదే. బస్సన్నా వస్తాది."

ఆమె నమ్మకంగా అన్న ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం రాదు. ఆమెకు తెలిసింది ఆమె చెప్పింది. డ్రిల్లరుకు తెలిసింది డ్రిల్లరు చెప్పాడు. ఇద్దరూ చెప్పింది కలిపి చూడడానికే ప్రభుత్వం నన్ను పెట్టుకుంది.

ఆఫీసుకు వచ్చి బోరు పట్టికలు రాయడం మొదలుపెట్టాను. ఒక్కో బోరుకు నీటి మట్టం అని ఒక గడి ఉంటుంది. పైపక్క బోరుకు పన్నెండు అడుగులు అని రాశాను. పెద్దసారు ఆ కాగితం చూసి కళ్లద్దాలు సవరించుకున్నారు.

"అనంతపురం జిల్లాలో, అదీ ఆ మూలన, పన్నెండు అడుగులకు నీళ్లా? మేడమ్, ఇది పైకి పంపితే మనల్ని చూసి నవ్వుతారు. డ్రిల్లింగుకు పోసిన నీళ్లు అయ్యుంటాయి."

గదిలో ఇద్దరు ఇంజనీర్లు ఉన్నారు. ఒకాయన, "మేడమ్‌కు గంగమ్మ కనబడినట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను.

చాలాసార్లు తలచుకుంటాను ఆ నవ్వును. నా ముందు ఎవరూ కత్తి పెట్టలేదు. ట్రాన్స్‌ఫర్ చేస్తామని బెదిరించలేదు. గదిలో ఒక్కదాన్నే ఆడదాన్ని, పైగా ఇంజనీరును కాను. రెండుసార్లు తోడేసినా ఊరాయని చెప్పడానికి నోరు తెరిస్తే మళ్లీ నవ్వుతారని అనిపించింది. నీళ్లున్నాయని రాస్తే మళ్లీ పరీక్షలు చేయాలి, చుట్టుపక్కల బావులన్నీ కొలవాలి, పని రెండు మూడు నెలలు ఆగుతుంది. ఆ పేరు నా మీదికే వస్తుంది. పైపక్క బోరును పట్టికలోంచి తీసేశాను. మిగిలిన రెండింటికీ నీటి మట్టం గడిలో ఇంగ్లీషులో రెండే మాటలు రాశాను. తెలుగులో చెప్పాలంటే, నీళ్లు తగలలేదు. కింద సంతకం పెట్టాను.

ఆ కోత లోతు గట్టు తలమీదినుంచి యాభై అడుగులు. చుట్టుపక్కల నేల కంటే రోడ్డు ముప్పై అడుగులు కిందికి పోతుంది. బావుల లోతు కూడా దాదాపు అంతే. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే పదో తరగతి చదివినవాళ్లకైనా అర్థమవుతుంది. నేను పెట్టుకోలేదు.

సంక్రాంతి దాటాక పని మొదలైంది. రాయికి రంధ్రాలు వేసి, మందు కూరి, మధ్యాహ్నం పూట పేల్చేవాళ్లు. వారానికోసారి వెళ్లి కోత గోడలు చూసేదాన్ని. అద్దంలా కోసుకుపోతోంది. పెద్దసారు వచ్చినప్పుడు, "చూశారా, మీ రిపోర్టు ప్రకారమే నిలబడింది" అన్నారు. గర్వంగానే ఉండింది నాకు.

నెలరోజులు పోయాక ఒక మధ్యాహ్నం పేలుడు అయింది. దుమ్ము తగ్గాక చూస్తే నల్లరాయి అయిపోయి, పైపక్క మొరం బయటపడింది. ఆ రెంటి సందులోంచి నీళ్లు వస్తున్నాయి. మొదట తడి. తర్వాత చేతి మణికట్టంత లావున ధార. ఇంకా కాసేపటికి మూడు నాలుగు చోట్ల పడింది. రాయి కొట్టే కూలీల్లో కన్నడం వాళ్లు ఎక్కువ. "నీరు బంతు, నీరు బంతు" అని, నీళ్లొచ్చాయని ఒకరినొకరు పిలుచుకున్నారు. ఎక్స్‌కవేటర్ నడిపే అతను దిగివచ్చి ధార కింద తల పెట్టి స్నానం చేశాడు. ఎవరో టెంకాయ తెచ్చి కొట్టారు. సైటు ఇంజనీరు వీడియో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. కరువు సీమలో గంగ పుట్టిందని పెద్దసారు కింద రాసి, దండం బొమ్మ పెట్టారు.

నేనూ ఒక నిమిషం సంతోషపడ్డాను. ఈ నేలమీద పుట్టినవాళ్లకు నీళ్లను చూస్తే లోపల ఏదో అవుతుంది, చదువు దాన్ని ఆపలేదు. ధార కింద దోసిలి పట్టి తాగాను. సున్నపు రుచి.

నోట్లో నీళ్లు నోట్లోనే ఆగిపోయాయి.

ఇంకో గంటకు ఆమె వచ్చింది, టమాట తోట ఆమె. గట్టుమీదినుంచి గబగబా దిగుతూ వచ్చింది. చేతిలో బావిలో నీళ్లు కొలిచే ముడుల తాడు ఉంది. ధారలకేసి చూసింది, స్నానాలు చేస్తున్న వాళ్లను చూసింది, నా దగ్గరికి వచ్చింది.

"ఈ నీళ్లు యాడివి మేడమూ?"

"ఊట వచ్చిందమ్మా."

"ఊటంటే? యాడినించి వచ్చినాది?"

నేను కోత గోడ వైపు తిరిగాను.

"పొద్దున మోటరేసినప్పుడు నా బాయిలో తాడు నాలుగు ముళ్లకు తడిసింది. ఇప్పుడేస్తే మూడే తడిసింది. ఈ పొద్దంతా మళ్లా మోటరే వెయ్యలే నేను. నీళ్లు యాడికి పోతాండాయి?"

సైటు ఇంజనీరు మధ్యలోకి వచ్చాడు. "ఎండలు ముదురుతున్నాయమ్మా. అన్ని బావులూ దిగుతాయి" అన్నాడు. ఆమె అతనివైపు చూడనైనా చూడలేదు. నాకేసే చూసింది. నేను ఫోన్ తీసి, ఎవరో పిలిచినట్టు పక్కకు పోయాను. ఎవరూ పిలవలేదు.

ఎనిమిది రోజుల్లో ఆమె బావిలో అడుగు కనిపించింది. నెల తిరిగేసరికి ఏడు బావుల్లో ఐదింటికి మోటార్లు ఆపేశారు, మిగిలిన రెండూ ఆ వేసవి దాటకముందే ఎండాయి. టమాట కాయ పండకముందే మొక్క వాడింది. కోతలోంచి పారిన నీళ్లను రోడ్డు పక్క కాలువలోకి మళ్లించారు. ఆ కాలువ వంకలోకి పోతుంది, వంక దానిమ్మ తోట పక్కన పోతుంది. ఆసామి అక్కడ ఒక మోటారు దించి పైపు వేసుకున్నాడు. నేను వెళ్లి అడిగితే మర్యాదగా కుర్చీ వేయించాడు. "ఊరకే పోయే నీళ్లే కదా మేడమ్. ఎవురో ఒకరు వాడుకోవల్ల కదా" అన్నాడు.

ఆరోజు తిరిగి వస్తూ జీపు ఆపించి, నా పుస్తకంలో రాసుకున్న మూడు బోర్ల లెక్కలూ మళ్లీ చూశాను. అక్కడే అన్నీ ఉన్నాయి, నా చేతిరాతతోనే. పెద్దసారు దగ్గరికి వెళ్లాను.

"సార్, పని ఆపాలి. కోసినచోట బంకమట్టి కూరి, కాంక్రీటు గోడ కట్టి ఆ గండి పూడ్చాలి. రోడ్డును మొదటి దారికే మళ్లించాలి. ఇప్పుడైతే ఇంకా కుదురుతుంది."

"ఏడు బావుల కోసం రోడ్డు వెనక్కి తిప్పమంటారా?"

"ఏడు బావులు కాదు సార్. ఆ ఊరికి ఉన్న నీళ్లన్నీ అవే."

ఆయన కోపగించుకోలేదు. బీరువాలోంచి నా రిపోర్టు తీసి, ఆ పేజీ తెరిచి, నా ముందు పెట్టారు. "ఇది ఎవరి సంతకం మేడమ్? నీళ్లు లేవని మీరే రాశారు. లేని నీళ్లు ఎలా పోతాయి?"

అంత నెమ్మదిగా నన్ను ఎవరూ కొట్టలేదు. నేను అరిచాను. నవ్వింది మీరు కాదా అన్నాను, గంగమ్మ అన్నది ఎవరన్నాను. బయట గుమాస్తాలు తలుపు దగ్గరికి వచ్చారు. "ఆవేశపడకండి, బీపీ పెరుగుతుంది" అని ఆయన మంచినీళ్లు తెప్పించారు. అప్పటికీ నేను తగ్గకపోయేసరికి ఇంకో దారి తొక్కారు. పైపక్క బోరు లెక్కను డ్రిల్లరు సరిగ్గా చెప్పలేదని ఫైల్లో రాయించి, ఆయన కాంట్రాక్టు రద్దు చేశారు. మొత్తం వ్యవహారంలో మొదటి రోజునుంచీ నిజం చెప్పిన ఒకే ఒక్క మనిషి ఆయన. పోయింది ఆయన పనే.

ఆయనకు ఫోన్ చేశాను. చాలాసేపు ఎత్తలేదు. ఎత్తాక, "నేను చెప్పినా గదా మేడమ్. మీరు పుస్తకంలో రాసుకున్నారు గుడక. నా ఎదురుగానే రాసుకున్నారు" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇంకా పదకొండు రోజులు పట్టింది నాకు. ఎందుకు పట్టిందో రాయడానికి సిగ్గుగా ఉంది. రోజూ బయలుదేరేదాన్ని, ఏదో పని తగిలించుకుని ఆగిపోయేదాన్ని. పన్నెండో రోజు సెలవు పెట్టి, ఆఫీసు జీపు వద్దనుకుని బస్సులో వెళ్లాను. ఆమె బావి గట్టుమీద కూర్చుని మోటారు విప్పుతోంది. పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, వాళ్లవీ ఎండిన బావులే.

నిలబడే చెప్పాను. నల్లరాయి ఎలా కట్టలాగా ఉండేదో, కోత ఎలా దానికి గండి కొట్టిందో, నాకు ముందే తెలిసి కూడా ఎలా రాయలేదో. ఆమె స్పానర్ కింద పెట్టింది.

"పేల్చకముందే నీకు తెల్సా?"

"తెలుసు."

"ఎవురన్నా బెదిరించినారా?"

"లేదు."

"మరి యాల రాయలే?"

"రాస్తే నవ్వుతారని."

ఆమె ఆ ఇద్దరి వైపు తిరిగింది. "విన్యారా? నవ్వుతారనంట" అంది.  బావి లోపల పావురాలు రెక్కలు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. లేచి ఇంట్లోకి పోయి, మనవరాలి నోటు పుస్తకంలోంచి నడుమ పేజీ చింపుకుని వచ్చింది.

"ఇప్పుడు నాకు చెప్పిందంతా దీనిమీద రాయి. నీ ఉద్యోగం రాయి, కింద సంతకం పెట్టు. చదువుకున్నదానివి, మాటంటే మళ్లా మార్చుకుంటావు."

బావి గట్టుమీద కూర్చుని రాశాను. నా ఉద్యోగ జీవితంలో అంత జాగ్రత్తగా ఇంకే కాగితమూ రాయలేదు. ఆమె దాన్ని మడిచి రవికెలో పెట్టుకుంది. నీళ్లు ఇవ్వలేదు. ఇవ్వడానికి లేవు కూడా.

ఆ కాగితంతో ఊరివాళ్లు అర్జీ పెట్టారు. ముగ్గురు అధికారుల కమిటీ వచ్చింది. కోత గోడ చూసి, రాయి చాలా బాగుందని మెచ్చుకుని, వర్షాభావం వల్ల బావులు ఎండాయని తేల్చి వెళ్లింది. మా జిల్లాలో ఏ తప్పు చేసినా కరువు మీదికి నెట్టేయొచ్చు. కరువుకు నోరు లేదు, ఎదురు చెప్పదు. నాకు ఒళ్లు మండింది. అక్కడికి రెండు మైళ్ల దూరంలో ఇలాంటిదే ఇంకో నల్లరాళ్ల వరస ఉంది, దాన్ని ఎవరూ కోయలేదు. దానికి పైపక్క బావులు కొలవాలనుకున్నాను. ఒక్కదాన్నే చేయలేను. డ్రిల్లరు ఇంటికి వెళ్లి అడిగాను. ఆయన భార్య తలుపు సగమే తీసింది. ఆయన లోపలినుంచి, "ఏమి మేడమ్, మళ్లా రాసుకోనికి వచ్చినారా?" అన్నాడు. అయినా చొక్కా వేసుకుని వచ్చాడు. సెలవు రోజుల్లో నాలుగు వారాలు తాడు, టేపు పట్టుకుని తిరిగాం. అదే వాన, అదే ఎండ, అదే మొరం. కోయని వరసకు పైపక్క ప్రతి బావిలోనూ నీళ్లున్నాయి.

ఆ లెక్కలు పై అధికారులకు పంపాను. నాకు మెమో వచ్చింది, అనుమతి లేకుండా సర్వే చేసినందుకు. ఆ తర్వాత నన్ను జిల్లా ఆఫీసులో పాత మ్యాపులున్న గదికి మార్చారు. మిగిలిన ఉద్యోగమంతా అక్కడే. రోడ్డు మాత్రం ఆగలేదు. రిబ్బను కట్టారు, కత్తిరించారు. రెక్కల లారీలు పోతున్నాయి. ఒక వేసవంతా ఊరికి నీళ్ల ట్యాంకరు పంపి, తర్వాత ఆపేశారు.

రెండో ఏడాది కోతలోంచి కారే నీళ్లు ఆగిపోయాయి. ఆసామి పైపూ ఎండింది, మోటారు తీసేసుకున్నాడు. ఆ నెల ఆఫీసునుంచి ఊరికి ఒక ఉత్తరం పోయింది. రోడ్డు కోతలో నీటి ఊట సమస్య దానంతటదే పరిష్కారమైనందున ఇకపై చర్యలేవీ అవసరం లేదని అందులో ఉంది. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నాలాంటి వాళ్లెవరో కూర్చుని, కామాలు సరిచూసుకుని, సంతకం పెట్టారు. నేలలో నీళ్లు మొత్తం అయిపోవడం వాళ్లకు పరిష్కారం.

కొత్తగా చేరిన పిల్లలూ, మీకు ఇప్పుడు మంచి యంత్రాలున్నాయి, డ్రోన్లున్నాయి. రాయి నిలుస్తుందా పడుతుందా అని కంప్యూటరే చెబుతుంది. మీరు కోయబోయే రాయి అంతకుముందు ఏం పని చేస్తూ ఉందో మాత్రం అది చెప్పదు. అది అక్కడి మనుషులకు తెలుస్తుంది. తోటలో నీళ్లిచ్చే మనిషి చెప్పింది పట్టికలో ఏ గడిలోనూ పట్టదు. పట్టకపోతే పక్కన ఖాళీలో రాయండి. గదిలో నవ్వుతారు. నవ్వనివ్వండి. మీరు మాత్రం వాళ్లతో కలిసి నవ్వొద్దు.

ఊరివాళ్లు కోర్టుకు వెళ్లారు. నేను పదవీ విరమణ చేశాక సాక్షిగా పిలిచారు. ఒకవైపు నా రిపోర్టు, ఇంకోవైపు నోటు పుస్తకం పేజీ, రెండూ బల్లమీద పెట్టారు. అవతలి వకీలు కుర్రవాడు, తెలివైనవాడు.

"రెండింటి మీదా మీ సంతకమే ఉంది. ఒకదాంట్లో నీళ్లు లేవన్నారు, ఇంకోదాంట్లో ఉన్నాయన్నారు. అమ్మా, వీటిలో ఏది అబద్ధం?"

"రిపోర్టు" అన్నాను.

"అంటే ప్రభుత్వానికి అబద్ధం రాసిచ్చారన్నమాట."

"రాసిచ్చాను."

అతను చేతిలో కాగితాలు మళ్లీ తిరగేశాడు. ఒప్పుకునేవాళ్లను ఏం అడగాలో అతనికి ఎవరూ నేర్పినట్టు లేదు. వాయిదా పడింది. ఆ తర్వాత ఇంకో రెండు పడ్డాయి. కేసు ఇంకా నడుస్తోంది. గండి పూడ్చమని కోర్టు చెబుతుందో లేదో, చెప్పినా ఆ మొరంలో మళ్లీ నీళ్లు చేరడానికి ఎన్ని వానలు పడాలో నాకు తెలియదు. ఎవరైనా అడిగితే తెలియదనే చెబుతాను.

కిందటి వాయిదా అయిపోయాక కోర్టు బయట ఆటో కోసం నిలబడ్డాను. ఆమె కూడా వచ్చి పక్కన నిలబడింది. ఇప్పుడు తోట లేదు, కూలికి పోతోంది, ఆరోజు కూలి పోగొట్టుకుని వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను ఒక్కసారి కూడా బాగున్నావా అని అడగలేదు. నేను అడిగే ధైర్యం చేయలేదు. ఆటో వచ్చింది. ఎక్కబోతుంటే నా చేతి సంచి పట్టుకుని ఆపింది.

"నీకు మోకాళ్ల నొప్పులంట గదా. మెట్లెక్కేటప్పుడు చూసినా."

"అవునమ్మా."

"మందులేసుకో. ఈ కేసు అయిపోయేదాకా నువ్వు నడుస్తా ఉండల్ల."

సంచి వదిలేసి, బస్టాండు వైపు నడిచిపోయింది.